వాషర్‌మెన్‌పేట తానులును, యంత్రదుబాసీ మర్యాదయు

చెన్నపట్టణమున ఉత్తరభాగముననున్న వాషర్‌మెన్‌పేటకు ఆ పేరు ఈస్టిండియా కంపెనీ వస్త్రవ్యాపారమువలన వచ్చినది. ఎగుమతి బట్టలను ఉతికి చలువచేసిన చాకళ్లు నివసించిన పేట యది. వర్తకులు తెచ్చిన తానులను కంపెనీవారు మచ్చులతో సరిచూచెడివారు. మచ్చునకు దిగిన తానును త్రోసిపుచ్చుటయో, వెల తగ్గించుటయో జరిగెడిది. ఒక తాను చెడినంతమాత్రమున వ్యాపారము నిలిచిపోలేదు. బేరము చెడినదని తెలుపుట దుబాసీ పని. కొఠారు మూయుట యాతని పని కాదు.

కంప్యూటరు చరిత్రయందును ఇట్టి దుబాసీ కలదు. పెద్ద ప్రోగ్రాములో నిమిడియుండి, వాడుకరి వ్రాసిన స్క్రిప్టులను చదివి నడపెడి ఇంటర్‌ప్రెటరే యది. ఒంటరిగ నడచునపుడు 'ఎగ్జిట్' అను ఆజ్ఞ తన పనిని మాత్రమే ముగించును. వేరొక ప్రోగ్రామునందు ఇమిడినపుడు అదే ఆజ్ఞ ఆశ్రయమిచ్చిన ప్రోగ్రామునుగూడ ముగింపవచ్చును. అపుడు వాడుకరి యింకను భద్రపరచుకొనని వ్రాతయంతయు నశించును.

జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆరంభించిన టిసిఎల్ భాష ఇట్లు ఇముడుటకే పుట్టినది. అందు ఆజ్ఞ సఫలమైనచో 0, దోషము కలిగినచో 1 ఆశ్రయప్రోగ్రామునకు తిరిగివచ్చును. దోషవివరణమును వెంట నుండును. అయినను దాని 'ఎగ్జిట్' ఆశ్రయమునే ముగించెడిది. 1996 నాటి 7.5వ కూర్పులోని సురక్షిత ఇంటర్‌ప్రెటరునందు ఆ యాజ్ఞ అందుబాటున లేకుండెను.

1993లో బ్రెజిల్ దేశమున రియో డి జనీరోలో పుట్టిన లువా భాషయందు 'పీకాల్' అను రక్షితమైన పిలుపు కలదు. దానిలోపల కలిగిన దోషము పిలిచినవారికి చేరును. ఏ రక్షణయు లేక కలిగిన దోషము సాధారణముగ ఆశ్రయమునే కూల్చును. పైథాన్‌లో నిష్క్రమణము 'సిస్టమ్‌ఎగ్జిట్' అను రూపమున వెలువడును గనుక దానిని పట్టుకొనవచ్చును. కాని 'పైరన్_సింపుల్‌స్ట్రింగ్' అను సులభమార్గమున నడపినచో, ఆ నిష్క్రమణముతో ఆశ్రయమును సామాన్యముగ ముగియును. 'పైరన్_స్ట్రింగ్' మార్గమున దోషసూచన తిరిగివచ్చును. తరువాతి నిర్ణయము ఆశ్రయముదే.

ఈ చరిత్రవలన మూడు నియమములు తేలుచున్నవి. దోషమును దాచక, వివరముతో పిలిచినవారికి అప్పగింపవలెను. నిష్క్రమణమును ఆజ్ఞగా గాక మనవిగా గ్రహింపవలెను. స్క్రిప్టు తెరచిన దస్త్రములను మూసి, తీసికొనిన జ్ఞాపకస్థలమును విడిచిన పిమ్మటనే తొలగవలెను. చెడిన తానును చూపి, కొఠారును నిలుపుటయే దుబాసీకి తగిన మర్యాద.