కల్లును చుట్టయు

నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో సాయంకాలము కల్లు మండువ దారిని పోవువారికి రెండు వాసనలు వేరువేరుగ తెలియవు. పులిసిన కల్లును, చుట్టపొగయు నొక్కటియై ముక్కునకు తగులును. ఈ రెండును పుట్టుకతో కవలలని మనము తలచుచున్నాము. చరిత్ర యట్లు చెప్పదు.

తాటికల్లు, ఈతకల్లు మన నేలకు మిగుల పాతవి. పొగాకు క్రొత్తది. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి వలన వచ్చి, పదునేడవ శతాబ్ది యారంభమునకు బిజాపురమున వాడుకలో నుండెను. అసద్ బేగు అక్కడినుండియే దానిని అక్బరు కొలువునకు కొనిపోయెను. 1617లో జహంగీరు నిషేధించెను. ఆ యాజ్ఞ నిలువలేదు. అనగా మన పూర్వులు పొగ యెరుగకయే అనేక శతాబ్దములు కల్లు త్రాగిరి.

మరి యీ క్రొత్త చుట్టము ఇంత దగ్గర యెట్లయ్యెను? మద్యము మనుజుని మందగింపజేయును. పొగలోని నికోటిను కొన్ని క్షణములలో మెదడు చేరి మెలకువ గలిగించును. ఒకటి దించగా నొకటి లేపును. కావున త్రాగువాడు తన మత్తు తానెరుగక మరియొక ముంత పట్టించును. రెండును మెదడులోని యొకే సుఖమార్గమును తట్టుచున్నవి. అలవాటు ముదిరిన పిదప ముంతను చూడగనే చేయి రొంటిలోని అగ్గిపెట్టెను వెదకును. నోటికిని గొంతునకును రాచపుండు వచ్చు భయము రెంటివలన కూడికగా గాక హెచ్చవేతగా పెరుగును.

నిజాము రాజ్యమున ఆబ్కారీ ఖజానాకు గొప్ప యాదాయము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమయ్యెను. 1995లో మద్యనిషేధము వచ్చి, 1997లో సడలెను. పొగాకుపై కేంద్రశాసనము 2003లో వేరుగ వచ్చెను. శాసనములు రెండు, రోగి యొక్కడే.

“కల్లు మానినాడు గదా, చుట్టనైన ఉండనిండు” అని మన యిండ్లలో జాలిపడుదురు. మేమును అట్లు పలికినవారమే. ఆ జాలి తప్పు. 2004లో ప్రకటితమైన 19 పరీక్షల సమీక్షయందు, వ్యసన చికిత్సలోనే పొగ మానుటకును తోడ్పడినచో, దీర్ఘకాలము మత్తునకు దూరముగ నుండు నవకాశము నూటికి 25 వంతులు హెచ్చినట్లు తేలెను. విడిచిపెట్టిన చుట్ట విడిచిన ముంతను జ్ఞప్తికి దెచ్చుట మానును గాబోలు.

నిత్యము త్రాగువాడు ఒక్కసారి మానుట ప్రాణాపాయము కావచ్చును. వైద్యుని యండ కావలయును. కాని వైద్యుని కడకు కొనిపోవునప్పుడు కల్లు మాట చెప్పి చుట్ట మాట దాచకుడు. రెండు వాకిళ్లుగల యింటికి ఒక తలుపు మూసిన కాపుదల యగునా?