పెంటల్లో చిన్నబడి: టీచరుకు తోడెవరు?

1940లో హైమన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచు పెంటల్లో మనవాళ్ల మధ్య ఉన్నాడు. చెంచుల గురించి ఆయన రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అదే ఏడాది ఆయన చొరవతో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారు చేశారు. శిక్షణ పొందినవాళ్లు గోండు గూడేల్లో పంతుళ్లయ్యారు. తర్వాత ఆ చదువుతోనే కొందరు పట్వారీలు, ఫారెస్టు గార్డులు కూడా అయ్యారు. అంటే పాఠం చెప్పేవాళ్లే కాదు, పాలన నడిపేవాళ్లు కూడా మనలోంచే తయారు కావచ్చని 80 ఏళ్ల కిందటే రుజువైంది.

పసిపిల్లల చదువుకు ఇలాంటి ప్రయత్నం మహారాష్ట్రలో జరిగింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో బోర్డీలో పని మొదలుపెట్టి, తర్వాత కోస్బాడ్ గుట్ట మీద వార్లీ ఆదివాసీ పిల్లల మధ్యకు వెళ్లారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. ఆకులు, గింజలు, గులకరాళ్లే ఆట సామాను. టీచర్లకు శిక్షణ కూడా అక్కడే, ఆ పిల్లల ఎదుటే ఇచ్చారు. 'అంగన్‌వాడీ' అనే పేరులో ఉన్నది ఆ వాకిలే.

1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది. క్రమంగా అంగన్‌వాడీ మన నల్లమలకూ చేరింది. నిబంధన ప్రకారం గిరిజన ప్రాంతంలో 300 జనాభాకు ఒక కేంద్రం, 150 ఉంటే మినీ కేంద్రం. మన పెంటల్లో చాలావాటికి ఆ 150 కూడా ఉండదు. మినీ కేంద్రానికి ఆయా ఉండేది కాదు. వంట, తూకాలు, రిజిస్టర్లు, ఆటపాటలు అన్నీ ఒక్క మనిషే చూసుకోవాల్సి వచ్చేది. గిరిజన ప్రాంతంలో ఒక సూపర్‌వైజర్‌కు 17 కేంద్రాలని లెక్క. కాగితం మీద అది తక్కువే. అడవిలో ఒక పెంట నుంచి ఇంకో పెంటకు నడిచేవాళ్లకే ఆ దూరం తెలుసు.

2004లో ఉమ్మడి రాష్ట్రం 8 భాషల్లో గిరిజన పిల్లలకు మాతృభాషా బోధన తెచ్చింది. చెంచులు మాట్లాడేది తెలుగే కదా అని ఆ జాబితాలో చేర్చలేదు. కానీ పెంటలో పెరిగిన నాలుగేళ్ల పిల్లకు తెలిసిన తెలుగు తేనె, గడ్డలు, జంతువుల అడుగుజాడలు, చెట్ల పేర్ల తెలుగు. ఆ మాటలతో పాఠం ఎలా మొదలుపెట్టాలో టీచరుకు ఎవరు నేర్పారు?

2020 జాతీయ విద్యావిధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా అంది. వాటిని టీవీ, ఫోన్ల ద్వారా నేర్పవచ్చంది. మంచిదే. కానీ సిగ్నల్ అందని చోట ఫోన్ పాఠం ఎంతవరకు చేరుతుంది?

మార్లవాయి, కోస్బాడ్ చెప్పేది ఒకటే. శిక్షణ పిల్లలున్న చోటే జరగాలి, వాళ్ల మాటలోనే జరగాలి. అందుకే మన్ననూరులో నెలకు ఒక రోజు పెంటల టీచర్లంతా కూర్చోవాలి. సూపర్‌వైజర్, సీడీపీఓ రిజిస్టర్లు పక్కనపెట్టి వాళ్లు చెప్పేది వినాలి. ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులం మనమూ వెళ్లాలి, ఎందుకంటే ఆ పిల్లలే రేపు మన ఒకటో తరగతిలో కూర్చుంటారు. ఇంటర్ పూర్తి చేసిన చెంచు ఆడపిల్లలు ఆ టీచరు పోస్టులకు దరఖాస్తు పెట్టాలి. పెంట మాట తెలిసిన టీచరు దగ్గర పిల్ల మొదటి రోజే నోరు విప్పుతుంది.