ఊపిరా, నాడా?

మత్తు డాక్టర్ల పేర్లు రోగులకు గుర్తుండవు. కడుపు కోసిన సర్జన్ పేరు ఇరవై ఏళ్లయినా చెబుతారు. తలాపున కూర్చున్న మనిషి ముఖం సరిగ్గా చూసేలోపే వాళ్ల కళ్లు మూతపడతాయి. నలభై ఏళ్లు ఆ తలాపు స్టూలు మీదే గడిపాను గనక ఇది నిష్ఠూరంగా అనడం లేదు. ఆ స్టూలుకూ ఒక చరిత్ర ఉంది. అందులో పెద్ద ఘట్టం ఒకటి మా హైదరాబాద్‌లో జరిగింది. మా పీజీ క్లాసులో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. ఆ బాకీ తీర్చుకుందామని ఇప్పుడు కూర్చున్నాను.

నేను పనిలో చేరినప్పుడు మా చీఫ్ మందుల పేర్లతో మొదలుపెట్టలేదు. రోగి దవడ కింద ఎడమచేతి వేళ్లు పెట్టి, గడ్డం పైకెత్తి పట్టుకోమన్నారు. ఊపిరి నా అరచేతికి తగలాలి. "ఊపిరి చూడమ్మా. ఊపిరి బాగుంటే అన్నీ బాగుంటాయి" అనేవారు. అప్పటికింకా చిన్న ఆస్పత్రుల్లో ఈథర్ వాడుతున్నారు. తీగ చట్రం మీద గాజుగుడ్డ మడతలు పరిచి, చుక్కచుక్కగా పోసేవాళ్లం. ఇంటికెళ్లి స్నానం చేసినా ఆ వాసన వదిలేది కాదు. చీఫ్ మాట నాకు వేదవాక్కు. ఆ మాట ఎక్కడ పుట్టి, ఏ దారిన ఆయన దాకా వచ్చిందో అడగాలని కూడా తోచలేదు.

అది పుట్టింది స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో. 1847 నవంబరులో అక్కడి ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫామ్‌ను వాడుకలోకి తెచ్చాడు. నొప్పి లేని ఆపరేషన్ అనగానే జనం పరుగెత్తుకొచ్చారు. పట్టుమని మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయడానికని క్లోరోఫామ్ పీల్చి, రెండు మూడు నిమిషాల్లో ప్రాణం వదిలింది. ఆ పిల్ల చాలా భయపడిపోయి ఉంది. మత్తు లోతుగా ఎక్కనేలేదు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

అక్కడి నుంచి డాక్టర్లు రెండు పక్షాలయ్యారు. లండన్ పక్షానికి పెద్ద జాన్ స్నో. కలరా నీళ్ల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించినవాడు, విక్టోరియా రాణికి 1853లో కాన్పు వేళ క్లోరోఫామ్ ఇచ్చినవాడూ ఆయనే. క్లోరోఫామ్ మరణాలను ఒక్కొక్కటిగా పోగేసి పరిశీలించి, ఇది గుండెను ఆపేస్తుంది, నాడి మీద వేలు తీయొద్దు అన్నాడు. ఎడిన్‌బరో పక్షానికి పెద్ద సర్జన్ జేమ్స్ సైమ్. ఆయన నాడి సంగతి వదిలేయమన్నాడు. ముందు ఆగేది ఊపిరి, దాన్ని కనిపెట్టుకుని ఉంటే గుండె తన పని తాను చూసుకుంటుంది అన్నాడు. మా చీఫ్ నోట నేను విన్న మాట సైమ్‌దే.

ఆ మాటను హైదరాబాద్‌కు మోసుకొచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. సైమ్ దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, 1880లలో ఇక్కడి రెసిడెన్సీ సర్జన్ అయ్యాడు. హైదరాబాద్ మెడికల్ స్కూలు బాధ్యతా ఆయనదే. 1846లో ఉర్దూ మాధ్యమంగా మొదలై, చదివినవాళ్లకు హకీం పట్టా ఇచ్చిన బడి అది. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే.

దక్కన్‌లో క్లోరోఫామే దిక్కు కావడానికి కారణం తేలిక. ఈథర్ 35 డిగ్రీలు దాటకముందే మరుగుతుంది. మన ఏప్రిల్ మధ్యాహ్నం సీసా మూత తీస్తే చాలు, సగం గాలిలో కలిసిపోతుంది. పైగా దీపం తగిలితే భగ్గుమంటుంది. క్లోరోఫామ్ మరగాలంటే 61 డిగ్రీలు కావాలి, అంటుకోదు, చిన్న సీసాతో చాలామందికి సరిపోతుంది. లారీ దాన్ని వేలమందికి ఇప్పించాడు. పెద్ద పరికరాలేమీ లేవు, ముక్కు మీద గుడ్డ గొట్టం లాంటి టోపీ. మత్తు ఇచ్చేవాడు నాడి పట్టుకోకూడదు, ఆపరేషన్ వైపు కన్నెత్తి చూడకూడదు. చూపంతా ఊపిరి మీదే. తన చేతిలో చావులు లేవని లారీ గట్టిగా చెప్పుకునేవాడు. లండన్‌లో మాత్రం క్లోరోఫామ్ చావుల వార్తలు ఆగలేదు.

గురువు చెప్పింది నిజమని లోకానికి చూపించాలనుకున్నాడు లారీ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సర్కారు ఖర్చు పెట్టుకుంది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ కూర్చుంది. 141 కుక్కలకు రకరకాలుగా క్లోరోఫామ్ ఇచ్చి చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండె తర్వాతే అని తేల్చారు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ దాన్ని అంత తేలిగ్గా నమ్మలేదు. లారీ ఊరుకోలేదు. మీ మనిషినే పంపండి, ఖర్చులు మావి అంటూ నిజాం సర్కారు తరఫున వెయ్యి పౌండ్లు ఇప్పించాడు. ఒక సంస్థానం తన ఖజానా సొమ్ముతో తన ప్రయోగాన్ని తప్పుపట్టగల మనిషినే పిలిపించుకోవడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. తర్వాతి కథ ఎలా ఉన్నా, ఆ మెచ్చుకోలు మాత్రం హైదరాబాద్‌కు దక్కాలి.

అలా వచ్చినవాడు థామస్ లాడర్ బ్రంటన్, లండన్‌లో పేరుమోసిన ఔషధ శాస్త్రవేత్త. క్లోరోఫామ్ గుండెను నేరుగా దెబ్బతీస్తుందన్న పక్షంవాడు. 1889 అక్టోబరులో రెండో కమిషన్ పని మొదలై డిసెంబరు దాకా సాగింది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్‌తో పాటు సర్జన్ మేజర్ బాంఫర్డ్, డాక్టర్ రుస్తుంజీ హకీం సభ్యులు. జంతువు రక్తనాళానికి రక్తపోటు కొలిచే పరికరం తగిలిస్తే, పక్కన తిరిగే డోలు మీద మసి పూసిన కాగితంపై గీత పడుతుంది. గుండె కొట్టుకోవడం, ఊపిరి కదలడం ఆ గీతల్లో కనిపిస్తాయి. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, మొత్తం 490 జంతువులు. వాటిలో 120 ప్రయోగాలు ఆ రక్తపోటు గీతలతో జరిగాయి. 490 అన్న అంకె రాస్తుంటే నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మత్తు చరిత్రలో రోగుల వరస పక్కనే ఈ మూగజీవాల వరసా ఉంది. దాన్ని ఎత్తకుండా ముందుకెళ్లడం నాకు సబబనిపించలేదు.

చివరికి బ్రంటన్ లండన్‌కు టెలిగ్రాం కొట్టాడు. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లో మోతాదు మించడం వల్లో వస్తుంది, గుండె మీద నేరుగా దెబ్బ ఏమీ లేదు అని. వాదించడానికి వచ్చినవాడు ఒప్పుకుని వెళ్లాడు. 1890లో నివేదిక లాన్సెట్‌లో అచ్చయింది. హైదరాబాద్ పేరు లోకంలోని మత్తు డాక్టర్లందరి నోటా నానింది.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది, మన ఊరి గొప్పగా చెప్పుకోవచ్చు. కాని నివేదిక తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు పిల్లుల మీద ప్రయోగం చేసి అసలు గుట్టు పట్టుకున్నాడు. క్లోరోఫామ్ లోతుగా ఎక్కినప్పుడు కాదు, పైపైన ఉన్నప్పుడే గుండెకు పెద్ద గండం. ఆ సమయంలో ఒంట్లో ఎడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణికిపోతుంది. మనిషికి భయం వేస్తే ఊరేది ఎడ్రినలినే కదా. హానా గ్రీనర్ ఎందుకు పోయిందో అరవై మూడేళ్లకు తెలిసింది. హైదరాబాద్‌లో ఊపిరి ఆగేంత మోతాదు దాకా తీసుకెళ్లి చూసినప్పుడు, ముందు ఊపిరి ఆగడమే కనిపిస్తుంది. అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబే అది.

లారీని తిట్టుకోవడం సులువు. గురువు మాట నిలబెట్టడానికి ప్రయోగం మొదలుపెట్టినవాడు, ఆ మాటకు అడ్డొచ్చేది ఎలా చూస్తాడు? ఇది ఒక్క క్లోరోఫామ్ విషయంలోనే కాదు. సికింద్రాబాద్ బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమి ఆనవాలు కనిపెట్టాడు. అప్పటికే లారీ అలాంటి క్రిమే లేదని వాదిస్తూ వచ్చినవాడు. మనిషి అంతే. పట్టిన పట్టు విడవడు.

కాని నివేదిక చివర మత్తు ఇచ్చేవాళ్లకు చెప్పిన పద్ధతులు చదివినప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. రోగిని పడుకోబెట్టాలి. బిగుతు బట్టలు వదులు చేయాలి. పెనుగులాడనివ్వకూడదు. పూర్తిగా మత్తు ఎక్కేదాకా కత్తి పెట్టకూడదు. కంటి పొరను తాకితే రెప్ప కదలనప్పుడు మందు ఆపేయాలి. లెవీ తర్వాత కనిపెట్టిన గండం ఎక్కడుంది? భయంతో పెనుగులాడే రోగిలో, పైపై మత్తులో. లారీకి ఆ కారణం తెలియదు. కాని ఆయన పద్ధతి ఆ రెండింటినీ దాటించేది. ఆయన రోగులు బతకడానికి ఇదీ ఒక కారణమై ఉంటుందని నా ఊహ. సిద్ధాంతం తప్పు, చెయ్యి ఒప్పు. మా వృత్తిలో ఇది అనుకున్నంత అరుదు కాదు.

ఆ చేతుల్లో ఒక జత చేతుల గురించి చెప్పకపోతే ఈ వ్యాసం నిండదు. రూపాబాయి ఫర్దూంజీ, పార్సీ అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూలులో చేరిన తొలి ఆడపిల్లల్లో ఒకరు. 1889లో హకీం పట్టా పుచ్చుకున్నారు. సుల్తాన్ బజారులోని రెసిడెన్సీ ఆస్పత్రిలో, అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలో క్లోరోఫామ్ ఇచ్చారు, కమిషన్ పనిలోనూ పాలుపంచుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆవిడేనని అంటారు. తొలి ఎవరన్న లెక్క ఎలా ఉన్నా నాకు నచ్చింది వేరే సంగతి. ఇరవై ఏళ్లు ఆ పని చేశాక, 1909లో ఆవిడ భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకోవడానికి ఎడిన్‌బరో వెళ్లారు. సింప్సన్, సైమ్‌ల ఊరికి. చేతికి వచ్చిన పనికి అడుగున ఏముందో చూడాలనుకున్న మనిషి. లారీ ఎడిన్‌బరో నుంచి జవాబు తెచ్చాడు, రూపాబాయి ఎడిన్‌బరోకు ప్రశ్నతో వెళ్లారు.

ఆవిడ పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి అంతకు ముందు ఏడాదే, 1908 సెప్టెంబరు 28 మూసీ వరదలో కొట్టుకుపోయింది. ఆ రోజు దాదాపు నూట యాభై మందిని కాపాడిన చింతచెట్టు మాత్రం ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నిలిచింది. చదువుకునే రోజుల్లో దాని నీడన టిఫిన్ డబ్బా విప్పేదాన్ని. పక్కనే రూపాబాయి తిరిగిన ఆస్పత్రి ఉండేదని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక నా సంగతి. పనిలో చేరిన మూడో ఏడు, ఒక చిన్న ఆస్పత్రిలో ఆరేళ్ల బాబుకు హెర్నియా ఆపరేషన్. చీఫ్ చెప్పినట్టే గడ్డం ఎత్తి పట్టుకుని ఊపిరి చూస్తున్నాను. వెచ్చగా, లయగా అరచేతికి తగులుతోంది. మనసు నిమ్మళంగా ఉంది. అవతల పిల్లవాడి చెయ్యి పట్టుకుని నిలబడ్డ థియేటర్ అసిస్టెంట్, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, నెమ్మదిగా అన్నాడు: "మేడమ్, నాడి దిగుతున్నది."

ఊపిరి బాగానే ఉంది కదా అని నోటి దాకా వచ్చింది. అదే మాట పైకి అని ఉంటే? అనలేదు. కణత మీద వేలు పెట్టాను. కొట్టుకోవడానికీ కొట్టుకోవడానికీ మధ్య ఎడం నాకు వినిపించేంతగా ఉంది. లోపల హెర్నియా సంచిని లాగుతుంటే గుండె మెల్లబడింది. "సార్, ఒక్క నిమిషం చెయ్యి ఆపండి" అన్నాను. ఎట్రోపిన్ సూది ఎక్కించాను. నాడి తిరిగి లేచింది. సాయంత్రానికి ఆ బాబు బన్ను కావాలని ఏడ్చాడు. అసిస్టెంటుకు థాంక్స్ చెబితే, "గదేంది మేడమ్, పట్టుకున్న చెయ్యేనాయె" అన్నాడు.

మా చీఫ్ తప్పు చెప్పారా? లేదు. నేనే ఆయన మాటను రెండో కన్ను మూసుకోవడానికి వాడుకున్నాను. లారీ సైమ్ మాటను అలాగే వాడుకున్నాడు. గురుభక్తి మన దగ్గర గొప్ప గుణం. తలాపు స్టూలు మీద మాత్రం అది ఎంతవరకో తెలిసి ఉండాలి.

1970లలో జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి చెవి గుండా పంపిన వెలుతురులో నాడి కదలికను పట్టుకుని, దానితో రక్తంలో ఆక్సిజన్ పసిగట్టే కిటుకు కనిపెట్టాడు. కరోనా రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చిన ఆక్సీమీటరుకు పునాది అదే. నేను పనిచేసే థియేటర్లకు అది చేరేసరికి నా జుట్టు సగం నెరిసింది. మొదటిరోజు క్లిప్పు రోగి వేలికి తగిలించి, తెర మీద అంకెలు కాదు, దాని చప్పుడు వింటూ కూర్చున్నాను. టిక్కు టిక్కుమనే వేగం గుండెది. ఆ టిక్కు స్వరం ఆక్సిజన్‌ది. ఊపిరి తగ్గి ఆక్సిజన్ పడిపోతుంటే స్వరం కిందికి దిగుతుంది, గుండె మెల్లబడితే టిక్కుల మధ్య ఎడం పెరుగుతుంది. స్నో అడిగింది, సైమ్ అడిగింది, రెండూ ఒకే చప్పుడులో ఉన్నాయి.

రిటైరయ్యే ముందు నా దగ్గర చేరిన పీజీ అమ్మాయి మొదటిరోజు అడిగింది, "మేడమ్, ముందు ఏం చూడాలి?" అని. నోటికి వచ్చిన మొదటి మాట మా చీఫ్‌దే, చెప్పాను. తర్వాత ఆమె ఎడమచెయ్యి తీసుకుని రోగి గడ్డం కింద పెట్టి, కుడిచేతి వేలు కణత మీద పెట్టించాను.

"మిషన్ చెబుతుంది కదా మేడమ్?"

"చెబుతుంది. కరెంటు పోయినప్పుడు నువ్వు చెప్పాలి."