రామగుండము బొగ్గు - పరదేశపు చమురు

లక్సెట్టిపేటకు దిగువన, గోదావరీ ప్రాంతమున నున్న రామగుండము ఒక జాతీయ వాగ్దానమునకు సాక్షి. 1956లో చమురు, సహజవాయు సంస్థ ఏర్పడినది. 1960లో అంకలేశ్వరమున చమురు పడగా, ఇక పరదేశముల నాశ్రయింప నక్కరలేదను ఆశ ప్రబలెను. కాని 1973-74లో కొద్ది మాసములలోనే చమురు ధర సుమారు నాలుగింతలయ్యెను. స్వదేశపు బొగ్గే శరణ్యమను వాదము అంతట బలపడెను.

రామగుండమున సింగరేణి బొగ్గుతో యూరియా చేయు కర్మాగారము 1980లో ఉత్పత్తి నారంభించినది. యంత్రముల లోపములు, విద్యుత్తు కొరత, నష్టములు పీడింపగా 1999లో మూతపడి, ఎందరో కార్మికుల బ్రతుకు తెరువు పోయెను. 2021లో అది తిరిగి నడచినది. అయితే బొగ్గుతో గాదు, సహజవాయువుతో. దేశమున వాడెడు ఆ వాయువులో ఇంచుమించు సగము దిగుమతియే.

77 శాతముగా నున్న చమురు దిగుమతిని 2022 నాటికి 67 శాతమునకు దింపుదుమని 2015లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పిలుపునిచ్చిరి. 2021-22లో అది 85 శాతము దాటెను. బావిలో ఊట తగ్గుచుండ, చేదుకొనువారు పెరిగిన చందమున, స్వదేశోత్పత్తి క్షీణింపగా వాడుక హెచ్చినది. వాగ్దానమునకు గడువు పెట్టుట సులభము. వాడుకకు హద్దు పెట్టుట కష్టము. రామగుండము నేర్పిన పాఠ మిదియే.