రెఫరెండం లేని చోట రాజీనామా

2021 ఏప్రిల్ 27. టీఆర్‌ఎస్ పుట్టి సరిగ్గా ఇరవై ఏళ్లు. కరోనా రెండో విడత నడుస్తున్న ఆ రోజే మెన్నేని సత్యనారాయణరావు చనిపోయారు. కరీంనగర్ వాళ్లకు ఆయన ఎమ్మెస్సార్. ఆయన పేరెత్తితే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది ఒక్కటే: 2006లో రాష్ట్ర మంత్రిగా ఉండి కేసీఆర్‌కి విసిరిన సవాలు. రాజీనామా చేసి మళ్లీ గెలిచి చూపించమన్నారు. కేసీఆర్ చేశారు, గెలిచారు. ఆ సవాలు విసిరిన మనిషే 1971లో ఇదే కరీంనగర్ నుంచి, ప్రత్యేక తెలంగాణ పేరు మీదే లోక్‌సభకు వెళ్లాడన్న సంగతి మాత్రం ఎక్కడో జారిపోయింది.

ఆ ఎన్నిక మామూలుది కాదు. 1969 ఉద్యమంలో 369 మంది చనిపోయారని ఉద్యమకారుల లెక్క. రెండేళ్లకు వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ గాలి దేశాన్ని ఊపేసింది, ఆమెకు 352 సీట్లు వచ్చాయి. ఆ గాలిలోనూ తెలంగాణలో 14 సీట్లకు 10 తెలంగాణ ప్రజా సమితి గెల్చుకుంది. కరీంనగర్, పెద్దపల్లి సమితివే. పక్కనే ఉన్న ఆదిలాబాద్ మాత్రం కాంగ్రెస్‌తోనే ఉండిపోయింది.

గెలిచిన ఏడాదిలోనే, 1971 సెప్టెంబరులో, సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగిపోయారు, కరీంనగర్ జిల్లా నుంచే పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రం అడిగితే ముఖ్యమంత్రి దొరికాడన్నమాట. ఎమ్మెస్సార్ కూడా కాంగ్రెస్ మనిషైపోయి 1977లో, 1980లో అదే సీటు గెలిచారు. దీన్ని ద్రోహం అనడం తేలిక, చాలామంది అన్నారు కూడా.

కానీ ఒక లెక్క చూడాలి. 350 మంది బలమున్న ప్రభుత్వం ముందు పదిమంది ఎంపీలు ఏం చేయగలరు? వాళ్లు లేకపోయినా ఇందిరకు నష్టమేం లేదు. సరిగ్గా ఇదే కాలంలో స్కాట్లాండ్‌లో వేరే కథ నడిచింది. 1974 అక్టోబరులో స్కాటిష్ నేషనల్ పార్టీకి 11 మంది ఎంపీలు వచ్చారు, మన సమితి కన్నా ఒకరే ఎక్కువ. అయితే లండన్‌లో లేబర్ ప్రభుత్వం బొటాబొటి బలంతో బతుకుతోంది. ఆ పదకొండు మందికి బేరం దొరికింది. 1979లో, స్కాట్లాండ్‌కు సొంత అసెంబ్లీ ఇచ్చే రెఫరెండంలో 'అవును' ఓట్లే ఎక్కువ వచ్చినా, మొత్తం ఓటర్లలో 40 శాతం రావాలన్న షరతు దగ్గర అది ఆగిపోయింది. కోపంతో వాళ్లు అవిశ్వాసానికి ఓటేశారు. ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తర్వాతి ఎన్నికల్లో పదకొండు మందిలో మిగిలింది ఇద్దరే. అయినా పార్టీని ఎందులోనూ కలపలేదు. ఓడినా జెండా మిగిలింది. మన దగ్గర గెలిచినా జెండా మిగలలేదు.

జెండా మళ్లీ లేవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా బీజేపీ 1997లో కాకినాడలో చేసిన 'ఒక ఓటు, రెండు రాష్ట్రాలు' తీర్మానంతో మరుసటేడు కరీంనగర్‌లో విద్యాసాగర్‌రావు గెలిచారు. తెలుగుదేశంతో పొత్తు కుదిరాక ఆ మాట మూలకు పడింది. 2001 మే 17న కరీంనగర్‌లోనే టీఆర్‌ఎస్ సింహగర్జన జరిగింది. 2004లో కేసీఆర్ ఆ సీటును లక్షా ముప్పై వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఈసారి ఢిల్లీలో ఉన్నది సంకీర్ణం. టీఆర్‌ఎస్‌కి అయిదుగురే ఎంపీలు. 1971 నాటి పదిమంది కన్నా ఈ అయిదుగురి మాటకు విలువ ఎక్కువ.

విలువ ఉన్నా రాష్ట్రం రాలేదు. ఎమ్మెస్సార్ సవాలు వచ్చింది ఆ సమయంలోనే. మన రాజ్యాంగంలో కొత్త రాష్ట్రానికి రెఫరెండం లేదు. మూడో అధికరణం ప్రకారం పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు, అసెంబ్లీని అడగాలి గానీ అది కాదన్నా ఆగదు. అంటే జనం ఏమనుకుంటున్నారో తేల్చే పెట్టె ఎక్కడా లేదు. తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, ఎమ్మెస్సార్ ఆ పెట్టెను కరీంనగర్‌లో పెట్టించారు. 2006 డిసెంబరు ఉప ఎన్నికలో కేసీఆర్ మెజారిటీ రెండు లక్షలు దాటింది. ఎమ్మెస్సార్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఎవరేమన్నా మాట మీద నిలబడ్డ మనిషి.

అప్పటినుంచి రాజీనామానే మన రెఫరెండం అయింది. అయితే ఆ పనిముట్టు మాటిమాటికీ తెగదు. 2008లో టీఆర్‌ఎస్ మూకుమ్మడిగా రాజీనామాలు చేస్తే కరీంనగర్‌లో మెజారిటీ పదిహేను వేల చిల్లరకు పడిపోయింది, ఆదిలాబాద్ సీటు కాంగ్రెస్‌కి పోయింది. ఎవరో అడిగితే చేసిన రాజీనామా వేరు, ఎత్తుగడగా చేసిన రాజీనామా వేరని ఓటరు కనిపెట్టాడు. 2009 డిసెంబరు ప్రకటన వెనక్కి పోయాక 2010లో మళ్లీ చేస్తే, పన్నెండు అసెంబ్లీ సీట్లలో పదకొండు టీఆర్‌ఎస్‌కి, ఒకటి బీజేపీకి వచ్చాయి. కాంగ్రెస్‌కి, తెలుగుదేశానికి ఒక్కటీ లేదు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 18న స్కాట్లాండ్ స్వాతంత్ర్య రెఫరెండంలో 55 శాతం వద్దన్నారు. పెట్టె ఉన్నచోట 'కాదు' వచ్చింది, లేనిచోట రాష్ట్రం వచ్చింది. దీన్నిబట్టి రెఫరెండం వద్దనుకోవడం తప్పు. అది ఉండి ఉంటే 1969 తర్వాత జనం ఉప ఎన్నికల కోసం, ఒకరి సవాలు కోసం ఇన్నేళ్లు కాచుకోవాల్సి వచ్చేదా?

ఎమ్మెస్సార్‌ని ఈ చరిత్రలో ఎక్కడ పెట్టాలి? 1971లో జనం ఇచ్చిన తీర్పును పార్టీ మొత్తంతో కలిసి కాంగ్రెస్‌కి అప్పజెప్పినవాళ్లలో ఆయన ఒకరు. 2006లో ఆ తీర్పును మళ్లీ చెప్పే అవకాశం జనానికి దొరికింది కూడా ఆయన మాట వల్లే. మొదటిది ఆయన అనుకుని చేసింది, రెండోది అనుకోకుండా జరిగింది. కరీంనగర్ ఓటరు మాత్రం రెండుసార్లూ ఒకే సమాధానం చెప్పాడు.