ఆదివారం పని మానిన పేటలు

నేటి పల్నాడు జిల్లాకు ప్రొటెస్టెంటు ఆరాధన రెండు వైపుల నుంచి వచ్చింది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలు నుంచి విస్తరించి 1883లో వినుకొండ, నరసరావుపేటల్లో కేంద్రాలు పెట్టారు.

దేవుణ్ణి ఎందుకు ఆరాధించాలి? సృష్టించాడు గనుక, మేళ్ళు చేశాడు గనుక, విడిపించాడు గనుక అంటుంది బైబిలు. మాదిగ పేటల్లో ఈ చివరి మాటే బాగా నాటుకుని ఉండాలి. గుడి గడప తొక్కే వీల్లేని మనుషులు పూజారి అవసరం లేకుండా, తమ నోటితో తామే ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టారు మరి.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ వాళ్ళకు మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ వెట్టి చేసేవాడు వారానికో రోజు రానంటే ఆసామికి కోపం రాదా? అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? ఊరుకోలేదు. ఆరాధన కోసం పని మానినవాళ్ళకు బెదిరింపులు, దెబ్బలు తప్పలేదు.

గంజి కోసమే మతం పుచ్చుకున్నారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అయితే ఆ సాయం సాగినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. పని ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు బాప్తిస్మాలిచ్చింది తెలుగు బోధకులే.

అలాగని కరువుకు ఇందులో పాత్రే లేదనడం కూడా సరికాదు. ఆకలినాడు ఆదుకున్నవాళ్ళ దేవుడి మీద నమ్మకం కుదరడం సహజం, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. అసలు కృతజ్ఞతే కదా ఆరాధనకు బైబిలు చెప్పే కారణాల్లో ఒకటి!

ఆ కరువుకు పదేళ్ళ ముందే, 1866లో, తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. తోళ్ళ వ్యాపారి, యోగం అభ్యసించినవాడు. గంజి మాట ఎత్తేవాళ్ళు ఆయన సంగతి కూడా చెప్పాలి.