సరిహద్దు తాలూకాలో రక్తదాన సేవ: సత్యవేడు ప్రాంతం

సత్యవేడు ప్రాంతపు వైద్య చరిత్రను తిరుపతి వైపు నుంచి మాత్రమే చూసినా, మద్రాసు వైపు నుంచి మాత్రమే చూసినా సగమే కనబడుతుంది. ఒకప్పుడు చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లో ఉన్న ఇక్కడి గ్రామాలు, సరిహద్దు వివాదంలో మధ్యవర్తి అయిన పటాస్కర్ సిఫార్సుల ఆధారంగా 1959లో పార్లమెంటు చేసిన ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాకు వచ్చాయి. తిరుత్తణి ప్రాంతం అటు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సత్యవేడు అందులో చేరింది. కచేరీలు ఎన్నిసార్లు మారినా, జబ్బు ముదిరిన మనిషిని తీసుకుపోయే దారులు మాత్రం రెండుగానే మిగిలాయి: ఒకటి నాగలాపురం, పుత్తూరు మీదుగా తిరుపతికి, రెండోది ఊత్తుకోట మీదుగా మద్రాసుకు. రక్తం ఎక్కించే వైద్యమూ, అందుకు కావలసిన రక్తాన్ని సమకూర్చే సేవా ఈ ప్రాంతానికి చేరింది ఆ రెండు దారుల వెంటే. ఇంట్లోవాళ్లు తమ రోగి కోసం ఇచ్చే రక్తం నుంచి, ముక్కూ మొహం తెలియని మనిషి ముందుగానే ఇచ్చి దాచి ఉంచిన రక్తానికి సమాజం మళ్లడమే ఈ చరిత్ర సారం. ఆ మళ్లింపును చట్టం మొదలుపెట్టింది. దాన్ని ఊళ్లలోకి తెచ్చిన పని మాత్రం స్వచ్ఛంద సేవకులది.

ఒకరి రక్తాన్ని మరొకరికి ఎక్కించడం శతాబ్దాల పాటు ప్రాణాంతకమైన ప్రయత్నంగానే ఉండిపోయింది. 1818లో లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు మనిషి రక్తాన్ని మనిషికి ఎక్కించి చూసినా, కొందరు రోగులు ఎందుకు బతుకుతున్నారో, కొందరు ఎందుకు చనిపోతున్నారో ఆ కాలంలో ఎవరికీ తెలియలేదు. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తంలోని వర్గాలను, అంటే ఇవాళ జనం గ్రూపులని పిలిచే తేడాలను, ప్రకటించిన తరువాతే ఆ చిక్కు వీడింది. 1914, 1915 సంవత్సరాల్లో సోడియం సిట్రేట్ అనే లవణం కలిపితే రక్తం గడ్డకట్టదని తేలడంతో, దాతను రోగి పక్కనే పడుకోబెట్టవలసిన అవసరం తప్పింది. దాత వేరు, రోగి వేరు, ఇద్దరి మధ్య ఒక సీసా అనే ఏర్పాటు అక్కడి నుంచే మొదలైంది. పిలిస్తే వచ్చి రక్తమిచ్చే స్వచ్ఛంద దాతల జాబితాను 1921లో లండన్‌లో పెర్సీ ఆలివర్ రెడ్‌క్రాస్ తరఫున నడపగా, ముందుగా సేకరించిన రక్తాన్ని చల్లగా దాచే కేంద్రానికి 1937లో షికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ బ్లడ్ బ్యాంక్ అనే పేరు పెట్టారు. భారతదేశంలో తొలి రక్తనిధిగా చెప్పేది 1939లో కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థలో రెడ్‌క్రాస్ నిర్వహణలో వెలసింది. రెండో ప్రపంచ యుద్ధం దాని అవసరాన్ని రెట్టింపు చేసింది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పెద్దాసుపత్రుల్లో శస్త్రచికిత్సలు పెరిగాయి గాని, వాటికి సరిపడా రక్తం దాచే పద్ధతి పెరగలేదు. సత్యవేడు చుట్టుపక్కల పల్లెల నుంచి రోగులు వెళ్లగలిగినవి మద్రాసు జనరల్ ఆసుపత్రి, స్టాన్లీ ఆసుపత్రి, చిత్తూరు సరిహద్దుకు ఆవల ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల. 1960లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైన తరువాత దానికి అనుబంధమైన రుయా ఆసుపత్రి. 1993 నుంచి తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి. ఎక్కడికి వెళ్లినా దేశమంతటా ఉన్న నియమమే ఎదురయ్యేది: రక్తం కావాలంటే రోగి తరఫువాళ్లు ఇవ్వాలి. కుటుంబమంతా బలహీనంగా ఉన్నప్పుడో, గ్రూపు కలవనప్పుడో, రక్తమిస్తే మళ్లీ రాదన్న భయం ఉన్నప్పుడో మిగిలే దారి కొనుక్కోవడమే. పెద్ద నగరాల ఆసుపత్రుల గేట్ల దగ్గర డబ్బుకు రక్తమిచ్చేవారిని వృత్తిదాతలు అనేవారు. వాళ్లు ఎక్కువగా పూట గడవని నిరుపేదలు. నెల తిరక్కుండానే మళ్లీ సూది పొడిపించుకునేవారు, తమ జబ్బును దాచుకుని ఇచ్చేవారు వారిలో ఉండేవారు. దీనికి ఎదురుగా స్వచ్ఛంద దానం కొన్నిచోట్ల తలెత్తింది. 1954 నుంచి బొంబాయిలో లీలా మూల్గావ్‌కర్ శిబిరాలు నడిపించారు. చండీగఢ్‌లో డాక్టర్ జె. జి. జాలీ అమ్మకపు రక్తానికి వ్యతిరేకంగా జీవితమంతా పనిచేశారు. 1975 నుంచి అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమైంది. అయితే ఈ ఉద్యమాలు నగరాల్లో పుట్టి చాలా కాలం నగరాల్లోనే మసిలాయి.

రక్తం అమ్ముడయ్యే చోట అబద్ధం చెప్పడానికి దాతకు కారణం ఉంటుందనీ, దానమయ్యే చోట ఆ కారణం ఉండదనీ 1970లో ఇంగ్లండులో రిచర్డ్ టిట్మస్ తన పుస్తకంలో బ్రిటన్, అమెరికా పద్ధతులను పోల్చి వాదించారు. ఆ వాదన ఎంత నిజమో భారతదేశానికి తెలిసింది మద్రాసులోనే. 1986లో మద్రాసు మెడికల్ కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం రక్తం ద్వారా కూడా సోకే హెచ్ఐవీ కేసులను దేశంలో తొలిసారి గుర్తించింది. మూడేళ్లకు, 1989లో, సేకరించిన ప్రతి రక్తాన్నీ హెచ్ఐవీకి పరీక్షించడం తప్పనిసరి చేశారు. అనుమతి లేని రక్తనిధులు, అమ్మకందార్లు మాత్రం మిగిలే ఉండడంతో, హెచ్. డి. శౌరీ స్థాపించిన కామన్ కాజ్ సంస్థ వేసిన వ్యాజ్యంలో 1996 జనవరి 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: లైసెన్సు లేనిదే ఏ రక్తనిధీ నడవకూడదు, జాతీయ స్థాయిలోనూ రాష్ట్రాల్లోనూ రక్త సంచార మండళ్లు, అంటే రక్త సేకరణను, పంపకాన్ని పర్యవేక్షించే సంఘాలు, ఏర్పడాలి, రెండేళ్లలో వృత్తిదాతల పద్ధతి పోవాలి. ఆ ప్రకారం 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మకం నిషిద్ధమైంది. అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాదులో సినీనటుడు చిరంజీవి నెలకొల్పిన చిరంజీవి చారిటబుల్ ట్రస్టు రక్తనిధి మొదలైంది. తెలుగు నేల మీద దీని ప్రభావాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. సినిమా విడుదలకు తోరణాలు కట్టే అభిమాన సంఘాలు, ప్రతి ఊరిలోనూ యువకుల పేర్లు, చిరునామాలు ముందే చేతిలో ఉన్న సంఘాలు, ఆగస్టు 22న నటుడి పుట్టినరోజుకు శిబిరాలు పెట్టడం ఆనవాయితీ చేసుకున్నాయి. రాయలసీమ గ్రామీణ యువకుల్లో రక్తదానం చదువుకున్నవాళ్ల వ్యవహారమన్న సంకోచం పోవడానికి ఏ ప్రభుత్వ ప్రచారం కన్నా ఈ ఆనవాయితీ ఎక్కువగా పనిచేసిందని చెప్పడం న్యాయం.

అమ్మకం పోయినా, ‘బదులు దానం’ పోలేదు. రోగికి ఎన్ని యూనిట్లు, అంటే ఎన్ని సంచుల రక్తం, ఇచ్చారో అన్ని యూనిట్లు బంధుమిత్రులు తిరిగి ఇవ్వాలన్న ఈ పద్ధతిని 2002 నాటి జాతీయ రక్త విధానం క్రమంగా మాన్పించాలని చెప్పింది. పైకి ఇది న్యాయంగానే తోస్తుంది. కాని దాని బరువంతా పడేది పెద్ద కుటుంబం లేనివారి మీద, సొంత ఊరికి దూరంగా ఆసుపత్రిలో చేరినవారి మీద. సత్యవేడు మండలపు పల్లె నుంచి కాన్పు కష్టమై చెన్నైకో తిరుపతికో వెళ్లిన స్త్రీ వెంట తల్లి, భర్త తప్ప ఎవరూ ఉండరు. తల్లి వయసు మించి ఉంటుంది, భర్త ఒక్కడే రెండు యూనిట్లు ఇవ్వలేడు. అటువంటి స్థితిలో కుటుంబానికి బంధువు స్థానంలో నిలబడింది ఫోను చేస్తే మనుషులను పంపే స్వచ్ఛంద సేవకుడు. చట్టం రక్తపు వ్యాపారాన్ని మూయించింది గాని, దాని స్థానంలో దాతలను తెచ్చి నిలబెట్టే పనిని ఎవరి చేతిలోనూ పెట్టలేదు. ఆ ఖాళీని ఊళ్లే నింపుకున్నాయి.

స్వచ్ఛంద సేవకుని పనిని రక్తమివ్వడంతో సమానం చేసి చూడడం పొరపాటు. చాలా భాగం సూది గుచ్చడానికి ముందూ తరువాతా జరుగుతుంది. ఔషధాల నియమావళి ప్రకారం ఊళ్లో శిబిరం నిర్వహించే అధికారం లైసెన్సు ఉన్న ప్రభుత్వ రక్తనిధులకు, రెడ్‌క్రాస్‌కు, గుర్తింపు పొందిన ధార్మిక సంస్థల రక్తనిధులకు మాత్రమే ఉంది. కనుక స్థానిక సంఘం చోటు చూసి, మనుషులను పోగుచేసి, వైద్యుడితో సహా సాంకేతిక సిబ్బందిని ఆహ్వానించాలి. యాభై నుంచి డెబ్భై మంది దాతలకు మూడు గంటల వ్యవధి లెక్క. ముందు ప్రశ్నావళి: వయసు 18 నుంచి 65 లోపా, బరువు 45 కిలోలకు తగ్గలేదా, ఈమధ్య పచ్చకామెర్లు, జ్వరం, పచ్చబొట్టు ఏమైనా ఉన్నాయా. పదిమంది వింటుండగా దాత నిజం చెప్పలేడు గనుక, బల్లను గోడవైపు తిప్పి, వరసను నాలుగడుగులు వెనక్కి నిలిపే సేవకుడు ఏ యంత్రమూ చేయలేని పని చేస్తున్నాడు. ఆ తరువాత వేలి చివర నుంచి తీసిన చుక్కను మైలుతుత్తం ద్రావణంలో వేస్తారు. రైతులకు పురుగుమందుల కొట్లో దొరికే నీలిరంగు మైలుతుత్తమే అది. ద్రావణం సాంద్రతను 1.053కు సరిచేసి ఉంచితే, డెసీలీటరుకు 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న రక్తపు చుక్క పదిహేను సెకన్లలోపు అడుగుకు దిగుతుంది, అంతకు తక్కువైతే మధ్యలో తచ్చాడి పైకి తేలుతుంది. ఉత్సాహంగా వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఈ గాజుపాత్ర దగ్గరే వెనక్కి తిరగవలసి వస్తుంది. వాళ్లను చిన్నబుచ్చకుండా, ఇనుము మాత్రలు ఎక్కడ ఉచితంగా దొరుకుతాయో చెప్పి, నాలుగు నెలల తరువాత మళ్లీ పిలవడం సేవకుల బాధ్యతలో పెద్ద భాగం. రక్తహీనత ఈ శిబిరాల్లోనే మొదటిసారి బయటపడిన స్త్రీలున్నారన్నది ఈ సేవకు ఎవరూ రాసిపెట్టని ప్రయోజనం.

దానం చేసిన రక్తం 350 లేదా 450 మిల్లీలీటర్లు. గాజు సీసాల స్థానంలో వచ్చిన ప్లాస్టిక్ సంచులను 1980లలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ దేశీయంగా తయారుచేసే విధానం రూపొందించాక అవి చవకగా దొరికాయి. సంచి మీద దాత పేరుండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. ఓ గ్రూపుకు నీలం, ఏకు పసుపు, బీకి గులాబీ, ఏబీకి తెలుపు రంగు చీటీలు అంటిస్తారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు దాటిన తరువాతే ఆ సంచి రోగి దగ్గరకు వెళుతుంది. ఎర్రకణాలు దాచిన విధానాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు నిలుస్తాయి. డెంగీ రోగులకు అవసరమైన ప్లేట్‌లెట్లు, అంటే గడ్డకట్టించే సూక్ష్మకణాలు, ఐదు రోజులే నిలుస్తాయి, అదీ సేకరించిన కొద్ది గంటల్లోనే వేరు చేస్తేనే. సత్యవేడు వంటి చోట ఈ గంటలే దూరాన్ని కొలుస్తాయి: మధ్యాహ్నం దాటి ముగిసిన శిబిరం రక్తం తిరుపతి చేరేసరికి సాయంత్రమవుతుంది, అందుకే ఇక్కడ శిబిరం తెల్లవారగానే మొదలవడం మేలు. 2001 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన మినహాయింపు వల్ల, ఏడాదికి 2,000 యూనిట్లలోపు వాడే సామాజిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పూర్తి రక్తనిధి లైసెన్సు లేకుండా, పెద్ద రక్తనిధి నుంచి పరీక్షించిన సంచులు తెచ్చుకుని నిల్వచేసే కేంద్రాలు నడపవచ్చు. గ్రామీణ ప్రాంతాల కోసం ఇంతకన్నా తెలివైన నియమం మరొకటి రాలేదు. దాన్ని వాడుకోవడంలోనే జిల్లాలు వెనుకబడ్డాయి.

2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ అనే పారిశ్రామిక నగరం మొదలై వేలాది యువ కార్మికులను ఈ పల్లెల మధ్యకు తెచ్చాక దాతల లెక్కే మారింది. ఆరోగ్యంగా ఉన్న పురుషులు మూడు నెలలకొకసారి ఇవ్వవచ్చు. కళాశాలలు మూతపడే ఏప్రిల్, మే నెలల్లో ఈ కార్మికులే ఆధారం. సరిహద్దుకు ఇటు తీసిన రక్తం అటు రోగికి చేరే దారి కూడా కొంత తెరుచుకుంది. 2015లో ఒక రక్తనిధి నుంచి మరొక రక్తనిధికి సంచులను బదలాయించేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ అనుమతించింది. మరుసటి ఏడాది నుంచి ఈ-రక్తకోశ్ అనే పోర్టల్లో ఏ కేంద్రంలో ఏ గ్రూపు ఎంత ఉందో చూడవచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ కురుస్తాయి, డెంగీ కూడా వాటి వెంటే వస్తుంది. కనుక ఈ ప్రాంతపు సంఘాలకు అసలు పని సెప్టెంబరులోనే ఉంది: పాత జాబితాలు తిరగేసి, ఊరు విడిచిపోయినవారి పేర్లు కొట్టివేసి, ఎవరికి మూడు నెలలు నిండాయో, ఏ ఊళ్లో అరుదైన నెగటివ్ గ్రూపు దాతలు ఉన్నారో సరిచూసుకుని, తిరుపతి రక్తనిధి సిబ్బందితో తేదీలు ముందుగా ఖాయం చేసుకోవడం.